పరిహారం దయాభిక్ష కాదు, చెల్లించవలసిన బాకీ

2025 జూన్ 30వ తేదీ ఉదయం పటాన్‌చెరు మండలం పాశమైలారం పారిశ్రామికవాడలో సిగాచి పరిశ్రమ పేలుడు 54 మంది ప్రాణాలను బలిగొంది. వారిలో అనేకులు బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్‌ల నుంచి పొట్ట చేతబట్టుకొని వచ్చినవారు. డి.ఎన్.ఎ. పరీక్షలు జరిపినా 8 మంది ఆనవాళ్లు దొరకలేదు. ఆ కుటుంబాలకు కడసారి చూపు కూడా దక్కలేదు. ముఖ్యమంత్రి వచ్చి పరిశీలించారు. మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున చెల్లిస్తామని యాజమాన్యం ప్రకటించింది.

అది దేశమంతా చూసిన ప్రమాదం. కాని యంత్రంలో పడి వేళ్లు తెగిన ఒంటరి కార్మికుని ఇంటికి మంత్రులు రారు, విలేఖరులు రారు. కాంట్రాక్టరు ఆసుపత్రి బిల్లు కట్టి, చేతిలో కొంత సొమ్ము పెట్టి, తెల్లకాగితం మీద సంతకం తీసుకుంటే వ్యవహారం ముగిసిందని అందరూ అనుకుంటారు. నిజానికి ముగియలేదు. యాభై నాలుగు మంది మరణించినప్పుడు వర్తించే చట్టమే ఒక్కరు గాయపడినప్పుడూ వర్తిస్తుంది.

సహనం వేరు, హక్కు వదులుకోవడం వేరు

“అల్లాహ్ రాసిపెట్టినది జరిగింది, కార్యాలయాల చుట్టూ తిరగడమెందుకు?” అనే మాట మన ఇళ్లలో వినిపిస్తుంటుంది. విధిని విశ్వసించడం ఈమాన్‌లో భాగమే. అయితే పొరపాటున ఒక ప్రాణం పోయినా, మృతుని కుటుంబానికి రక్తపరిహారం (దియత్) చెల్లించాలని దివ్య ఖుర్ఆన్ నిసా సూరా ఆదేశిస్తున్నది. దానిని క్షమించి వదిలే అధికారం కుటుంబానిదే తప్ప, చెల్లించవలసినవానిది కాదు. దియత్, కార్మిక పరిహారం ఒకటి కావు. కాని రెండింటి వెనుక ఉన్న న్యాయసూత్రం దగ్గరిదే: పోయిన ప్రాణానికి సానుభూతి మాటలతో లెక్క తీరదు.

అదే సూరా అనాథల సొమ్మును అన్యాయంగా తినేవారిని తీవ్రంగా హెచ్చరిస్తున్నది. తండ్రి మరణానికి వచ్చే పరిహారంలో పసిపిల్లలకు భాగముంటుంది. ఆ భాగాన్ని ఏ పెద్దమనిషీ రాజీ పేరుతో వదులుకోకూడదు.

చట్టం ఏమంటున్నది?

ఈ హక్కుకు మూలం 1923 నాటి పరిహార చట్టం. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో సామాజిక భద్రతా స్మృతి అమలులోకి వచ్చింది. లెక్కకట్టే పద్ధతి మాత్రం పాతదే. మరణిస్తే నెల జీతంలో సగాన్ని, వయసును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చిస్తారు. పాత చట్టం కింద 2020లో నిర్ణయించిన 15,000 రూపాయల జీతం, 30 ఏళ్ల వయసు తీసుకుంటే, 7,500ను 207.98తో హెచ్చించగా 15,59,850 రూపాయలవుతుంది. శాశ్వతంగా పూర్తి వైకల్యం కలిగితే సగానికి బదులు అరవై శాతం లెక్కిస్తారు.

ఈ సొమ్ము మృతుని ఆస్తి కాదు, అతనిపై ఆధారపడినవారిది. భార్య, మైనరు కుమారులు, పెళ్లికాని కుమార్తెలు, వితంతువైన తల్లి అందులో ముందువరుసలో ఉంటారు. అందుకే యజమాని దానిని నేరుగా కుటుంబ పెద్ద చేతిలో పెట్టకుండా అధికారి వద్ద జమచేయాలి. ఎవరికెంతో ఆయన నిర్ణయిస్తారు.

కార్మికుడు కాంట్రాక్టరు మనిషైనా, పని చేయించుకున్న అసలు యజమాని బాధ్యత తప్పించుకోలేడు. “అతని అజాగ్రత్త వల్లనే జరిగింది” అన్న వాదన కూడా సాధారణంగా నిలవదు. హక్కు వదులుకుంటున్నానని ముందుగా రాయించుకున్న ఒప్పందం చెల్లదు. 1975లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన కేసులో ఒక వడ్రంగి మోచేతి వద్ద ఎడమచేయి కోల్పోయాడు. ఒంటి చేత్తో వడ్రంగం చేయలేడు గనుక దానిని పూర్తి వైకల్యంగానే పరిగణించాలని, పరిహారం ప్రమాదం జరిగిన నాటినుంచే బాకీ అవుతుందని కోర్టు తేల్చింది.

ఇ.ఎస్.ఐ. పరిధిలో ఉన్నవారికి దారి వేరు. వారు పరిహార అధికారి వద్దకు కాక ఇ.ఎస్.ఐ. కార్యాలయానికి వెళ్లాలి. రామచంద్రాపురం, సనత్‌నగర్ ఆసుపత్రులలో వైద్యం లభిస్తుంది. పనిలో గాయపడి కోలుకునే కాలానికి జీతంలో దాదాపు 90 శాతం అందుతుంది. మరణిస్తే కుటుంబానికి నెలనెలా పింఛను వస్తుంది.

సముద్రం నేర్పిన పాఠం

శరీరం దొరకని మరణం చట్టానికి కొత్త కాదు. ఓడలలో పనిచేసేవారిని 1923 చట్టమే తన పరిధిలోకి తీసుకుంది. ఓడ సిబ్బందితో సహా మునిగిపోతే, పద్దెనిమిది నెలల లోపు కుటుంబం దావా వేయవచ్చునని అందులో రాసింది. కడలి మింగినవారి భార్యాబిడ్డలకు ఒక శతాబ్దం కిందటే ఇచ్చిన ఆ హామీని, మంటలు మింగినవారి కుటుంబాలు కూడా ధైర్యంగా గుర్తుచేయవచ్చు.

మొదటి వారంలోనే చేయవలసినవి

అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసి, సాక్షులను పెట్టుకోమని ఖుర్ఆన్ బోధిస్తున్నది. పని విషయంలోనూ అదే జాగ్రత్త అవసరం. గుర్తింపు కార్డు, జీతపు చీటీ, బ్యాంకు ఖాతాలో జీతం పడిన వివరం, ఇ.ఎస్.ఐ. నంబరు ఇంట్లోనూ ఒక ప్రతి ఉండాలి. ప్రమాదం జరిగితే ఆసుపత్రిలో “పనిచేస్తుండగా గాయం” అని నమోదు చేయించాలి. పోలీసు ఫిర్యాదు, వైద్యుని పత్రం, తోటి కార్మికుల పేర్లు భద్రపరచాలి. యజమానికి లిఖితపూర్వకంగా తెలియజేయాలి. పరిహారం కోసం రెండేళ్ల లోపు కార్మిక శాఖ అధికారి వద్ద దరఖాస్తు చేయాలి. నెలలోపు చెల్లించని యజమాని 12 శాతం వడ్డీ కట్టవలసి ఉంటుంది, సరైన కారణం లేకుంటే జరిమానా కూడా పడుతుంది. చదివి అర్థం చేసుకోకుండా ఏ కాగితం మీదా సంతకం చేయరాదు.

మన మసీదుల పక్క వీధుల్లోనే పరాయి రాష్ట్రాల కార్మికులు అద్దె గదులలో ఉంటున్నారు. వారికి తెలుగు చదవడం రాదు, కార్యాలయం ఎక్కడో తెలియదు. చదువుకున్న మన యువకులు ఒక దరఖాస్తు రాసిపెట్టినా, ఒకరోజు తోడుగా వెళ్లినా ఒక ఇంటి పొయ్యి ఆరకుండా నిలుస్తుంది. వారు ఏ మతస్థులైనా పొరుగువారే. పొరుగువారి హక్కు మనపై ఉన్నది.