చెవి కోసం ఉక్కు గది

1660లలో ఇంగ్లండ్ వైద్యుడు నథానియల్ హెన్షా గాలి చొరబడని ఒక గదిని ప్రతిపాదించాడు. కొలిమితిత్తులతో లోపలి గాలి ఒత్తిడిని పెంచి, తగ్గించి రోగాలు కుదర్చవచ్చని ఆయన నమ్మకం. ఆక్సిజన్‌ను కనుగొనడానికి అప్పటికింకా వందేళ్లుంది.

1928లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఆర్వల్ కనింగ్‌హామ్ అనే వైద్యుడు ఏకంగా అయిదంతస్తుల ఉక్కుగోళంలో ఆసుపత్రి పెట్టాడు. మధుమేహం, క్యాన్సర్‌లకూ అందులో చికిత్స చేశాడు. రుజువులేవని వైద్యసంఘం నిలదీస్తే చూపలేకపోయాడు. 1942లో గోళాన్ని తుక్కు కింద అమ్మేశారు.

ఆ రుజువు వైపు దారి చూపినవాడు ఆమ్‌స్టర్‌డామ్ సర్జన్ ఇటె బూరెమా. పందుల రక్తంలోంచి ఎర్రకణాలను దాదాపు మొత్తం తీసేసి, మూడు వాతావరణాల పీడనంలో ఆక్సిజన్ ఇస్తే అవి బతికాయని 1960లో ప్రకటించాడు. గోలీసోడాలో గ్యాసు ఒత్తిడికి నీళ్లలో కరిగినట్టే, ఇక్కడ ఆక్సిజన్ నేరుగా ప్లాస్మాలో కరుగుతుంది. మామూలు గాలి పీల్చేటప్పుడు 100 మి.లీ. రక్తంలో ఇలా కరిగేది 0.3 మి.లీ.; ఆ పీడనంలో సుమారు 6 మి.లీ.

చెవికి ఇదెందుకు? లోపలి చెవిలోని కాక్లియాకు రక్తం తెచ్చేది ఒకే సన్నని ధమని. అది పూడితే ఆదుకునే పక్కదారి లేదు. మూడు రోజుల్లోపే, వరుసగా మూడు స్వరస్థాయిల్లో 30 డెసిబెల్స్ వినికిడి పడిపోతే వైద్యులు దాన్ని ఆకస్మిక చెవుడంటారు. చాలామందిలో కారణం తేలదు. స్టెరాయిడ్లే ప్రధాన చికిత్స. 2011లో అమెరికాలోని సముద్రగర్భ, అధికపీడన వైద్యసంఘం ఈ జబ్బునూ పీడన గది (ఛాంబర్) చికిత్సల జాబితాలో చేర్చింది. 2019 నాటి అమెరికా ఈఎన్‌టీ మార్గదర్శకాలు మాత్రం హద్దు గీశాయి: స్టెరాయిడ్లతో కలిపి మొదటి రెండు వారాల్లో, లేదా ఫలితం రానప్పుడు నెలలోపు, ఒక వికల్పంగా. అందరికీ వినికిడి తిరిగి వస్తుందన్న హామీ లేదు.

తెలుగునేలపై ఈ పీడన గదికి బంధువులు విశాఖ తీరంలో ఉన్నాయి. హిందుస్థాన్ షిప్‌యార్డ్ నిర్మించి, 2025 జులై 18న నౌకాదళంలో చేరిన ఐఎన్‌ఎస్ నిస్తార్, లోతుల్లో పనిచేసే డైవర్లను పీడన గదుల్లో కాపాడే ఓడ.

హైదరాబాద్ శివారు గుండ్లపోచంపల్లిలో ఎవరికైనా పొద్దున లేవగానే ఒక చెవి వినపడకపోతే గులిమి అనుకుని నూనె పోసుకుని వారం ఆగకూడదు. రైలెక్కితే సికింద్రాబాద్, అక్కణ్నుంచి కోఠి ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి. అక్కడ శ్రుతిదండంతో చేసే పరీక్ష, ఆడియోగ్రామ్ కలిస్తే అడ్డంకి గులిమిదా, నరానిదా అన్నది తేలుతుంది. స్టెరాయిడ్లు మొదలుపెట్టాక, ఛాంబర్ అవసరమా అని వైద్యులను అడగడానికి అప్పుడు సమయం మిగిలి ఉంటుంది.