మోటారు సైకిలు ఎందుకు ఆగింది?

వైశాఖమాసపు మధ్యాహ్నం. ఆత్మకూరులో బయలుదేరిన పాత బుల్లెట్టు మోటారు సైకిలు ఒకటి, దూరాన ఉదయగిరి దుర్గం కొండ కనబడే వేళకు, రెండు మూడు సార్లు దగ్గి ఆగిపోతుంది. ఎన్ని కిక్కులు కొట్టినా పలకదు. నడిపేవాడు దానిని వేపచెట్టు నీడకు నెట్టి అరగంట కూర్చుంటాడు. ఆ తరువాత ఒక్క కిక్కుకే ఇంజను అందుకొంటుంది. కొంత దూరం పోగానే మళ్ళీ అదే వరస. ఊరు చేరిన తరువాత విన్నవారందరూ చెప్పే మాట ఒక్కటే: "కార్బురేటరు విప్పి కడిగించు." కడిగిస్తాడు. మరునాడు బండి మళ్ళీ ఆగుతుంది.

కార్బురేటరు మీద మోపే నేరాలలో చాలా భాగం అది చేసినవి కావు. అసలు దోషిని పట్టుకొనడానికి ఖరీదైన యంత్రాలు అక్కరలేదు. ఉన్నత పాఠశాలలో బోధించే భౌతికశాస్త్రము, కాస్త ఓర్పు ఉంటే చాలు.

ఈ బుల్లెట్టు మనకు పొరుగు బండియే. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడి, తిరువొత్తియూరులో వీటిని తయారు చేయసాగింది. ఇందులో సిలిండరు అడ్డుకొలత 70 మిల్లీమీటర్లు, పిస్టను నడిచే దూరం 90 మిల్లీమీటర్లు. స్తూపం ఘనపరిమాణం కనుగొనే సూత్రంతో లెక్క కడితే 346 ఘన సెంటీమీటర్లు వస్తుంది. జనం దానినే 350 అంటారు. 2020 ఏప్రిల్ నుంచి అమలులోనికి వచ్చిన పొగ నిబంధనల మూలంగా కొత్త బండ్లలో కార్బురేటరు స్థానాన్ని పెట్రోలును కొలిచి చిమ్మే విద్యుత్ పరికరం ఆక్రమించింది. కాని పాత బండ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నవి.

పెట్రోలు ఇంజను నడవడానికి మూడు కావాలి: తగిన పాళ్ళలో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం, దానిని గట్టిగా అణచే పిస్టను ఒత్తిడి, సరియైన క్షణంలో నిప్పురవ్వ. ఈ మూడింటిలో ఏది లోపించినా బయటికి కనబడే లక్షణం ఒక్కటే, బండి నడవదు. జ్వరానికి కారణాలు అనేకం అయినట్లే ఇదీను.

మొదట మిశ్రమం సంగతి చూద్దాము. ఒక గ్రాము స్వచ్ఛమైన పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఈ లెక్కన ఒక్క లీటరు పెట్రోలు 9 వేల లీటర్లకు పైగా గాలిని ఆరగిస్తుంది! ఇంత గాలిలో అంత కొద్ది పెట్రోలును సమపాళ్ళలో కలపడమే కార్బురేటరు పని. గాలి పోయే గొట్టం మధ్యలో ఇరుకుగా ఉంటుంది. ఇరుకు చోట గాలి వేగం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది. బెర్నూలీ 1738లో ప్రకటించిన సూత్రం ఇదే. 1797లో ఇటలీ దేశస్థుడు వెంచురి ఇరుకు గొట్టాలలో ప్రవాహాన్ని గురించి వ్రాశాడు కనుక ఈ ఇరుకుకు ఆయన పేరే నిలిచింది. క్రింద ఫ్లోటు గిన్నెలో ఉన్న పెట్రోలు మీద వాతావరణ పీడనం ఉన్నది, పైన ఇరుకులో పీడనం తక్కువగా ఉన్నది. అందుచేత పెట్రోలు జెట్టు అనే సన్నని రంధ్రం గుండా పైకి ఎగజిమ్ముతుంది.

జెట్టు రంధ్రం అడ్డుకొలత ఒక మిల్లీమీటరు అనుకుందాము. లోపల మడ్డి పేరుకొని అది 0.9 అయితే తగ్గినది పదవవంతే కదా అనిపిస్తుంది. కాని వైశాల్యం అడ్డుకొలత వర్గాన్ని బట్టి మారుతుంది కనుక అది 0.81 వంతుకు పడిపోతుంది. ఆ మడ్డిని ఇనుపతీగతో గీకి రంధ్రాన్ని 1.1 చేస్తే వైశాల్యం 21 శాతం పెరుగుతుంది! జెట్టులో తీగ దూర్చడం ఎందుకు తప్పో దీనిని బట్టి తెలుస్తుంది. దానిని గాలి ఊది శుభ్రం చేయాలి.

ఇప్పుడు వేపచెట్టు క్రింద ఆగిన బండి దగ్గరకు తిరిగి వద్దాము. చల్లారగానే నడిచింది కనుక జెట్టులో మడ్డి అడ్డుపడి ఉండకపోవచ్చు. మడ్డి నీడలో కూర్చుంటే కరగదు. మరి అరగంటలో మారినది ఏది? అనుమానించదగినవి ముఖ్యంగా మూడు.

మొదటిది అతి చిన్నది: పెట్రోలు ట్యాంకు మూతలోని గాలి రంధ్రం. నూనె డబ్బాకు ఒక్క రంధ్రం పొడిస్తే నూనె సరిగా కారదు, రెండవది పొడిచి తీరాలి. ఇది ఇంట్లో అందరికీ తెలిసినదే. ట్యాంకు కూడా అంతే. పెట్రోలు దిగిన కొద్దీ పైన ఖాళీ ఏర్పడుతుంది. మూత రంధ్రం దుమ్ముతో పూడుకొనిపోతే లోపలి పీడనం తగ్గి పెట్రోలు దిగడం మానుతుంది. ఆగిన బండి అరగంట నిలిస్తే సందుల గుండా గాలి మెల్లగా లోపలికి చేరి, పెట్రోలు మళ్ళీ దిగుతుంది. చూచేవారు మాత్రం ఇంజను చల్లారడం వల్ల నడిచిందని భ్రమపడతారు.

రెండవది విద్యుత్ భాగం. పాత బుల్లెట్టులో పాయింట్లు విడిపోయినప్పుడు కాయిల్‌లో అధిక వోల్టేజి పుట్టి ప్లగ్గు కొనల మధ్య నిప్పురవ్వ దూకుతుంది. పాయింట్ల ప్రక్కన ఉండే కండెన్సరు గాని, కాయిల్ లోపలి తీగ చుట్టలు గాని పాతబడితే, చల్లగా ఉన్నంతసేపు పని చేసి, వేడెక్కగానే మొరాయిస్తాయి. మూడవది వాల్వులు. వాటికి ఉండవలసిన ఖాళీ మరీ తక్కువైతే, లోహం వేడికి వ్యాకోచించినప్పుడు అవి పూర్తిగా మూసుకొనవు. ఒత్తిడి జారిపోతుంది.

ఈ మూడింటినీ వేరు చేయాలంటే బండి ఆగిన మరుక్షణమే పరీక్షించాలి. చల్లారితే సాక్ష్యం మాయమవుతుంది. ముందు ట్యాంకు మూత తెరవాలి. బుస్సుమని గాలి లోపలికి పోయి, వెంటనే బండి నడిస్తే దోషి దొరికినట్లే. లేకుంటే మూత గట్టిగా బిగించి, కిక్కు మెల్లగా నొక్కాలి. ఎదురు లేకుండా తేలికగా దిగితే ఒత్తిడి లోపించినది. అదీ బాగుంటే ప్లగ్గును విప్పి, సిలిండరు రంధ్రానికి దూరంగా, లోహానికి ఆనించి కిక్కు కొట్టి రవ్వను చూడాలి. అక్కడ పెట్రోలు చెమ్మ ఏమాత్రం ఉండరాదు. రవ్వ రాకపోయినా, పసుపుపచ్చగా నీరసంగా ఉన్నా విద్యుత్ భాగాన్ని అనుమానించాలి. కాని రవ్వ కనబడింది గదా అని నిశ్చింతగా ఉండరాదు. వాయువు పీడనం పెరిగిన కొద్దీ అదే ఖాళీని దూకడానికి ఎక్కువ వోల్టేజి కావాలని పాషెన్ 1889లో చూపినాడు. బయట దూకిన రవ్వ, సిలిండరు లోపలి ఒత్తిడిలో దూకలేకపోవచ్చు. ఇటువంటి చోట మంచిదని తెలిసిన కండెన్సరును ఒక్కదానినే మార్చి చూడాలి. కండెన్సరు, ప్లగ్గు, జెట్టు అన్నీ ఒకే పూట మార్చితే బండి బాగుపడవచ్చు గాని, జబ్బు ఏమిటో ఎన్నటికీ తెలియదు. డబ్బు కూడా దండుగ.

దోషం నిజంగా మిశ్రమంలోనే ఉంటే చోక్ సాక్ష్యం చెబుతుంది. చోక్ గాలిని తగ్గించడం వల్లనో, పెట్రోలును హెచ్చించడం వల్లనో మిశ్రమాన్ని చిక్కన చేస్తుంది. వేడెక్కిన ఇంజను చోక్ వేయగానే మెరుగైతే మిశ్రమం పలుచబడినదన్నమాట: జెట్టు పూడి ఉండాలి, లేదా కార్బురేటరుకు ఇంజనుకు మధ్య అతుకులో గాలి దూరుతూ ఉండాలి. చోక్ వేస్తే మరింత దగ్గినట్లయితే మిశ్రమం ముందే చిక్కనిది. ఏ దశలో దగ్గుతున్నదో కూడా గమనించాలి. యాక్సిలేటరు పిడి మీద తెల్లని గుర్తులు పెట్టుకొంటే ఇది సులభం. పిడి దాదాపు మూసి ఉన్నప్పుడు పైలట్ జెట్టు, సగం దరిదాపుల్లో సూది, పూర్తిగా తెరిచినప్పుడు మెయిన్ జెట్టు ప్రధానంగా పెట్రోలును కొలుస్తాయి.

ప్లగ్గు కొన రంగు మరొక సాక్షి. లేత గోధుమ రంగు ఆరోగ్యం. పొడి మసి చిక్కని మిశ్రమం. నూనె జిడ్డు అరిగిన పిస్టను రింగులు. సున్నం వంటి తెలుపు పలుచని మిశ్రమం, మితిమీరిన వేడి. ఈ చివరిదానిని ఉపేక్షిస్తే పిస్టను సిలిండరులో బిగుసుకొనిపోయే ప్రమాదం ఉన్నది. అయితే ఊరిలో నిలుపుతూ పోనిస్తూ నడిపిన బండి ప్లగ్గు ఎలాగూ నల్లబడుతుంది. మంచి రోడ్డు మీద నడిపి, ఇంజను ఒక్కసారి ఆపి చూచినదే నమ్మదగినది.

ఎండను కూడా లెక్కలోనికి తీసుకొనవలసి ఉన్నది. ఉష్ణోగ్రత 20 డిగ్రీల నుంచి 42 డిగ్రీలకు పెరిగితే గాలి సాంద్రత సుమారు 7 శాతం తగ్గుతుంది. పెట్రోలు పాలు సాంద్రత వర్గమూలాన్ని బట్టి మారుతుంది కనుక మిశ్రమం మూడున్నర శాతం చిక్కబడుతుంది. ఇది చిన్న మార్పే, దీనివల్ల బండి ఆగదు. దీనికంటె పెద్ద మార్పు పెట్రోలులోనే వచ్చినది. 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు 2023 నుంచి మన దేశంలో అమ్మకానికి వచ్చి 2025 నాటికి అంతటా వ్యాపించినది. ఇథనాలులోనే ఆక్సిజన్ ఉన్నందున, ఇట్టి పెట్రోలు గ్రాముకు 13.5 గ్రాముల గాలి సరిపోతుంది. పాత జెట్టు పాత కొలతనే పోస్తుంది కనుక మిశ్రమం సుమారు 8 శాతం పలుచబడుతుంది. ప్లగ్గు తెల్లబడినదని మెకానిక్కు చెబితే, ఈ సంగతి కూడా గుర్తుంచుకొని జెట్టు ఒక మెట్టు పెద్దది వేయడం సమంజసమే.

ఇథనాలుకు మరొక గుణం ఉన్నది. అది నీటిని తనలో చేర్చుకొంటుంది. నీరు హద్దు మీరితే రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు చేరుతాయి. ట్యాంకు అడుగే కార్బురేటరుకు దారి. వానాకాలమంతా కదలకుండా నిలిపి ఉంచిన బండి, కిక్కుకు పలికి, నిమిషంలో చచ్చిపోతే, చల్లని ఇంజను మీదనే ఫ్లోటు గిన్నెలోని పెట్రోలును గాజు సీసాలోనికి దింపి, ఎండలో కాక నీడలో నిలిపి చూడాలి. అడుగున వేరే పొర కనబడితే కార్బురేటరును విప్పనక్కరలేదు. ముందు ట్యాంకును ఖాళీ చేయాలి.