మన తంగేడు

ఊరి బయట బీళ్ళలో, చెరువు కట్టల మీద, రైలు పట్టాల పక్కన పచ్చగా విరగబూసే తంగేడును ఎరగని తెలుగువారుండరు. అయినా బోటనీ చదివే మాకు సైతం అది హెర్బేరియం షీటు మీద అతికించే నమూనాగానే మిగిలిపోతోంది. అందుకే ఈ నాలుగు మాటలు.

దీని శాస్త్రీయనామం సెన్నా ఆరిక్యులేటా. పాత పుస్తకాల్లో కాసియా ఆరిక్యులేటా అని వుంటుంది. ఆరిక్యులేటా అంటే చెవులు గలది. ఆకుకాడ మొదట్లో చెవుల్లాంటి పత్రపుచ్ఛాలుంటాయి, గమనించండి. మన దేశపు మెట్టనేలలు, శ్రీలంక దీని పుట్టిళ్ళు.

ఈ పువ్వులో తేనె బొట్టు వుండదు. తుమ్మెదకు దొరికేది పుప్పొడే. అదైనా పరాగకోశాల్లో భద్రంగా దాగి, కొసనున్న సన్నని రంధ్రాల గుండానే బయటికి రావాలి. తుమ్మెద పువ్వును పట్టుకుని, ఒళ్ళంతా జుమ్మని అదిరిస్తే గాని పొడి రాలదు! పది కేసరాల్లో పై మూడూ గొడ్డువి. మధ్యవాటి పొడి తుమ్మెదకు తిండి. కింద పొడుగ్గా వుండేవాటి పొడి దాని ఒంటికంటుకుని మరో పువ్వుకు చేరుతుంది. ఎంత పొందికైన ఏర్పాటో చూడండి.

తంగేడు చెక్కలో టానిన్ పుష్కలం. మాదిగవాడల లందల్లో తోళ్ళు పదునెక్కింది దీనితోనే. రైతు బావి మోటకు, కాలి చెప్పుకు ఆ తోలే ఆధారం. తరవాత దక్షిణాఫ్రికా వాటిల్ చెక్క, క్రోము లవణాలు వచ్చాయి, లందలు మూతపడ్డాయి. తంగేడు గుణం తెలిసిన ఆ పనివారి విద్యను మన పాఠ్యపుస్తకాలు రసాయనశాస్త్రంగా ఎన్నడూ లెక్కవేయలేదు. నాకు బాధ కలిగించేది ఇదే.

2014లో తెలంగాణ ప్రభుత్వం తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. సంతోషమే. కాని హైదరాబాదులో బతుకమ్మకు ఆ పూలు బజార్లో కొనుక్కోవలసి వస్తోంది. కొమ్మ నరికితే తంగేడు మోడు నుంచి మళ్ళీ చిగురిస్తుంది. బీడును ప్లాట్లు చేసి, జేసీబీతో వేళ్ళు పెకలిస్తే ఏం చిగురిస్తుంది?

మిత్రులకు ఒక మనవి. వనమహోత్సవంనాడు కాలేజీ ఆవరణలో పరదేశపు మొక్కలతోపాటు నాలుగు తంగేడు గింజలూ నాటుదాం. గింజ పైపొర గట్టిది. గరుకు రాతి మీద కాస్త రుద్ది నాటితే త్వరగా మొలుస్తుంది. నీళ్ళు పోసే శ్రమ కూడా ఎక్కువ వుండదు.