సీతమ్మ కథ చేసిన పని

ఒక మనిషి తాను పడ్డ పాట్లను నలుగురి ముందు చెప్పుకున్నంత మాత్రాన సమాజం మారుతుందా అన్న సందేహం సహజమైనదే కాని, మారిన సందర్భాలు చరిత్రలో ఉన్నాయి గనుక అవి ఎలా సాధ్యమయ్యాయో తరచి చూడవలసి ఉంటుంది. అందుకు తెలుగునాట దొరికే ఉదాహరణల్లో నెల్లూరు జిల్లా సారా వ్యతిరేకోద్యమాన్ని మించినది లేదు. అక్కడ కథ ఉద్యమానికి అలంకారంగా వచ్చి చేరలేదు. కథ చదువుకున్న చోటే ఉద్యమం మొదలైంది.

కేంద్ర ప్రభుత్వం 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్‌ను నెలకొల్పింది. 1990లో కేరళలోని ఎర్నాకుళం సంపూర్ణ అక్షరాస్యత సాధించిన జిల్లాగా పేరు తెచ్చుకున్నాక ఆ పద్ధతి ఇతర రాష్ట్రాలకూ పాకి, నెల్లూరులో ‘అక్షర దీపం’ పేరుతో సాగింది. పగలు కూలికి పోయివచ్చి, వంట ముగించుకుని, రాత్రిబడికి వచ్చే ఆడవాళ్ళకు పసిపిల్లల వాచకం పెట్టి చదువు చెప్పడం కుదరదు. పెద్దవాళ్ళ చదువు వాళ్ళ బతుకులోని మాటలతోనే మొదలు కావాలని బ్రెజిల్ విద్యావేత్త పావులో ఫ్రేరే 1960ల్లోనే ఆచరించి చూపాడు. ‘ఇటుక’ వంటి ఒక మామూలు మాటను పలక మీద రాసి, ఆ ఇటుకను ఎవరు మోస్తున్నారు, కట్టిన ఇంట్లో ఎవరు ఉంటున్నారు అని ముందుగా చర్చ పెట్టి, ఆ తరువాతే అక్షరాలు విడదీసి నేర్పడం ఆయన పద్ధతి. చదువంటే లోకాన్ని ప్రశ్నించడం కూడా అన్న ఈ అవగాహనే చైతన్యీకరణ అనే భావనకు మూలం. నెల్లూరు వాచకాల్లోనూ అదే ధోరణి కనిపిస్తుంది.

ఆ వాచకాల్లో ఒక పాఠం సీతమ్మ కథ. సీతమ్మ అనే పల్లెటూరి మనిషి తన ఊరి ఆడవాళ్ళను కూడగట్టి సారా దుకాణాన్ని మూయించడం అందులోని విషయం. సారా అప్పటికి దుకాణంలో మాత్రమే దొరికే సరుకు కాదు. 1980ల్లో ‘వారుణి వాహిని’ పేరుతో ప్రభుత్వమే దాన్ని ప్లాస్టిక్ ప్యాకెట్లలో పోయించి సరఫరా చేయించింది. చేతిలో ఇమిడిపోయే ఆ ప్యాకెట్ గడప దగ్గరికే రావడంతో కూలి డబ్బులు ఇల్లు చేరకముందే హరించుకుపోయేవి. ఆ రాత్రి పొయ్యి వెలిగేదీ లేనిదీ, ఒంటి మీద దెబ్బ పడేదీ లేనిదీ ఆ ప్యాకెట్టే తేల్చేది. ఏటేటా కాంట్రాక్టర్లు పాడే సారా వేలం పాటల పుణ్యాన రాష్ట్ర ఖజానాకు 1991-92 నాటికి ఆబ్కారీ రాబడి రూ.800 కోట్లు దాటింది. ఇంటింటా ఎవరికి వారు తలరాత అనుకుని దిగమింగుకున్న కష్టం వెనుక ఇంత పెద్ద లెక్క ఉందన్న సంగతి, ఒకరి మాట ఒకరు వినేదాకా బయటపడే వీలు లేదు.

కలిగిరి మండలం దూబగుంటలో ఆ పాఠం చదివిన ఆడవాళ్ళు, వర్ధినేని రోశమ్మ వంటివారు ముందు నిలవగా, తమ ఊరి సారా దుకాణాన్ని నిజంగానే మూయించారు. దాని తరువాత జరిగినదే అన్నిటికంటే ముఖ్యం. దూబగుంట ఆడవాళ్ళు చేసిన పని ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అనే పేరుతో మళ్ళీ ఒక పాఠమై, జిల్లాలోని ఇతర ఊళ్ళ రాత్రిబళ్ళకు చేరింది. మొదటి కథలోని సీతమ్మ కల్పిత పాత్ర కాగా, రెండో కథలోని మనుషులు బస్సెక్కి పోయి చూసి రాదగినంత దగ్గరి ఊరివాళ్ళు. చదివినవాళ్ళు చేశారు, చేసినది పాఠమైంది, ఆ పాఠం మరొకరి చేత పని చేయించింది.

మనస్తత్వ శాస్త్రం దీనిలో సగాన్ని వివరించగలదు. మెలనీ గ్రీన్, తిమోతి బ్రాక్ అనే అమెరికన్ పరిశోధకులు 2000లో ప్రచురించిన అధ్యయనంలో, కథలో పూర్తిగా లీనమైన పాఠకుడు ఆ కథ చెప్పే విషయంలో తప్పులు వెదకడం తగ్గించి దాని వైపు మొగ్గుతాడని చూపారు. ఈ స్థితిని కథా నిమగ్నత అనవచ్చు. అయితే నిమగ్నత కన్నీళ్ళతోనే ఆగిపోవచ్చు. విన్న మనిషి ‘ఇది నా కథే’ అని గుర్తుపట్టి, తన వంతుగా నోరు విప్పితేనే మిగతా సగం పూర్తవుతుంది. రాత్రిబడి ఆ అవకాశం ఇచ్చింది.

ఉద్యమం 1992లో జిల్లా అంతటా వ్యాపించింది. ఆడవాళ్ళు వేలం పాటలను అడ్డుకోగా అవి మళ్ళీ మళ్ళీ వాయిదా పడ్డాయి; ఈనాడు పత్రిక ఉద్యమ వార్తలకు ప్రత్యేకంగా పుట కేటాయించింది. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలోనూ, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో అమలులోకి వచ్చిన సంపూర్ణ మద్య నిషేధాన్ని మాత్రం 1997లో సడలించారు. ఖజానా నష్టం, దొంగసారా అందుకు చెప్పిన కారణాలు. ఆ నిర్ణయంలో రాత్రిబళ్ళ ఆడవాళ్ళను అడిగినవారు లేరు. కథ చట్టాన్ని తేగలదు కాని, చెప్పినవాళ్ళను ఆ తరువాత కూడా వినే ఏర్పాటు లేకపోతే చట్టం నిలవదు.

అటువంటి ఏర్పాటుకు దారి రాజస్థాన్‌లో దొరికింది. మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం 1994 డిసెంబరులో పాలీ జిల్లా కోట్ కిరానా గ్రామంలో జరిపిన జన్ సున్వాయీలో, అంటే ప్రజా విచారణలో, ప్రభుత్వ పనుల లెక్కలను బహిరంగంగా చదివి వినిపించారు. మస్టరులో పేరున్న మనిషే లేచి, తాను ఆ పనికి పోనేలేదని చెబితే కాగితం మీది అబద్ధం అక్కడికక్కడే తేలిపోతుంది. ఆ పోరాటం 2005 నాటి సమాచార హక్కు చట్టానికి బాట వేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీ పనులకు జరుగుతున్న సామాజిక తనిఖీ, మండల స్థాయి ప్రజావేదిక ఆ పద్ధతికి వచ్చిన ప్రభుత్వ రూపాలే. ఇక్కడ కూలీ మాటకు జవాబు చెప్పవలసిన అధికారి ఎదురుగానే కూర్చుని ఉంటాడు.

వినేవారు ఆలస్యంగా వస్తే ఎంత నష్టమో కూడా తెలుగువారికి తెలుసు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల కథనాలను వారి నోటివెంటే విని స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం ‘మనకు తెలియని మన చరిత్ర’గా వెలువరించింది 1986లో, పోరాటం ముగిసి అప్పటికి 35 ఏళ్ళు.

ఇప్పుడు పట్టణాల్లోనూ, విదేశాల్లోని తెలుగువారి సభల్లోనూ అనుభవ కథనాలకు, ఆలోచనా ప్రసంగాలకు వేదికలు పెరుగుతున్నాయి. ఇది సంతోషించవలసిన విషయం. వాటిని నడిపేవారు వక్తకిచ్చినంత సమయాన్నీ శ్రోతలకు కూడా ఇచ్చి, ఆ విషయంలో జవాబు చెప్పవలసిన వారిని ముందు వరుసలో కూర్చోబెట్టడం మొదలుపెట్టాలి.