బరువు మోసేది రబ్బరా, గాలా?

సరకు నింపుకొని రోడ్డు మీద పోతున్న పికప్ బండిని మీరు రోజూ చూస్తూనే ఉంటారు. టమాటా పెట్టెలు, సిమెంటు బస్తాలు, పాల క్యాన్లు, పెళ్ళివారి సామాను - ఏదైనా సరే, మోసుకుపోతుంది. ఆ బండి బరువునూ, సరకు బరువునూ కలిపి నిజంగా మోస్తున్నది ఏది? "చక్రాలు" అంటారు మీరు. చక్రంలో ఏ భాగం? "టైరు" అంటారు. టైరులో ఏది? ఇక్కడికి వచ్చేసరికి చాలామంది "రబ్బరు" అని జవాబు చెబుతారు. అది సరి కాదు.

గాలి పోయిన టైరును ఎప్పుడైనా గమనించారా? ఇనుప రిమ్ము దాదాపు నేలకు ఆనేదాకా అది చప్పబడిపోతుంది. రబ్బరు ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది. పోయినది గాలి ఒక్కటే. అంటే బరువును మోస్తున్నది ముఖ్యంగా గాలి. రబ్బరూ, దాని లోపలి దారాలూ చేసే పని ఆ గాలిని గట్టిగా బంధించి ఉంచడం.

ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే, పాత టైర్లు అరిగిపోయినప్పుడు ఎటువంటి కొత్త టైర్లు కొనాలో తేలికగా తెలుసుకోవచ్చు. ఇది తెలియక పొరపాటు చేస్తే పోయేది డబ్బు ఒక్కటే కాదు; దారిలో టైరు పేలితే ప్రాణాలే పోవచ్చు.

ఒక రిమ్ము - మూడు టైర్లు

మదనపల్లె దగ్గర ఒక రైతుకు పికప్ బండి ఉన్నదనుకుందాం. ఆయన టమాటాలు నింపుకొని చెన్నైకి వెళ్తూ ఉంటాడు. వెనక టైర్లు రెండూ అరిగిపోయాయి. దుకాణానికి వెళ్ళాడు. దుకాణదారు మూడు రకాల టైర్లు చూపించాడు. మూడూ ఆయన బండి రిమ్ముకు సరిగ్గా పడతాయి. మొదటిది చవక. రెండవది వెడల్పుగా, చూడడానికి దర్జాగా ఉంది. మూడవది ఖరీదు ఎక్కువ. వాటి పక్క గోడల మీద ఇలా రాసి ఉంది:

మొదటిది: 215/75 ఆర్ 15, 100 ఎస్.
రెండవది: 235/75 ఆర్ 15.
మూడవది: ఎల్‌టి 215/75 ఆర్ 15, 8 పిఆర్, 106/103 క్యూ.

ఆయన ఏది కొనాలి? తొందరపడకండి. ముందు ఈ రాత చదవడం నేర్చుకుందాం.

టైరు మీది రాత

215 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 75 అంటే పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 75 వంతులు అని అర్థం. 'ఆర్' అంటే రేడియల్ టైరు. 15 అంటే రిమ్ము వ్యాసం, అంగుళాలలో. ఒకే టైరు మీద మిల్లీమీటర్లు, శాతాలు, అంగుళాలు - మూడూ ఉన్నాయి చూశారా!

ఇప్పుడు ఒక చిన్న లెక్క. 215లో నూటికి 75 వంతులు అంటే 161 మిల్లీమీటర్ల పైచిలుకు. పైనా కిందా రెండు గోడలు ఉంటాయి కాబట్టి 322. దానికి రిమ్ము వ్యాసం 381 మిల్లీమీటర్లు కలిపితే టైరు మొత్తం వ్యాసం సుమారు 703 మిల్లీమీటర్లు. దానిని 22/7తో గుణిస్తే చుట్టుకొలత వస్తుంది - సుమారు 2.21 మీటర్లు. అంటే ఈ టైరు ఒక కిలోమీటరు పోవాలంటే దాదాపు 450 సార్లు తిరగాలి. ఈ 450తో మనకు మళ్ళీ పని ఉంది.

మొదటి టైరు మీది 100, మూడవ టైరు మీది 106 - ఇవి బరువు సంఖ్యలు. 'ఎస్', 'క్యూ' అనేవి గరిష్ఠ వేగాన్ని తెలిపే అక్షరాలు. 'ఎస్' అంటే గంటకు 180 కిలోమీటర్లు, 'క్యూ' అంటే 160. 'ఎల్‌టి' అంటే సరకు మోసే తేలికపాటి వాహనాల కోసం తయారైన టైరు. 'పిఆర్' అనేది లోపలి బట్ట బలాన్ని తెలుపుతుంది. పూర్వం టైరులో ఎన్ని నూలు పొరలు ఉంటే అంత సంఖ్య వేసేవారు. ఇప్పుడు 8 పిఆర్ టైరులో నిజంగా ఎనిమిది పొరలు ఉండవు. తక్కువ పొరలతోనే అంత బలం ఉన్నదని అర్థం.

ఆరు అంకెల తేడా ఎంత?

100కూ 106కూ తేడా ఆరే కదా, అంతమాత్రానికి ఎక్కువ డబ్బు ఎందుకు పెట్టాలి అని ఎవరికైనా అనిపిస్తుంది. కాని ఇవి కిలోలు కావు. బరువు సంఖ్య 0 అయితే టైరు 45 కిలోలు మోస్తుంది. 80 అయితే 450 కిలోలు. 160 అయితే 4,500 కిలోలు. 80 మెట్లు ఎక్కినప్పుడల్లా బరువు పది రెట్లు అవుతున్నది. మీరు లెక్కల పుస్తకంలో చదివే గుణశ్రేఢి ఇదే! ఒక్కొక్క మెట్టుకు బరువు సుమారు నూటికి 3 వంతులు పెరుగుతుంది; 24 మెట్లకు రెట్టింపు అవుతుంది.

ఈ లెక్క ప్రకారం 100 అంటే 800 కిలోలు. 106 అంటే 950 కిలోలు. ఒక్క టైరుకే 150 కిలోల తేడా. (పక్కనే ఉన్న 103 అనే సంఖ్య, ఒకే వైపున రెండు టైర్లు జంటగా వేసే బండ్లకు వర్తిస్తుంది.)

మన రైతు బండి ఖాళీగా ఉన్నప్పుడు 1,700 కిలోలు ఉన్నదనుకుందాం. దానిలో 1,100 కిలోల సరకు వేశాడు. మొత్తం 2,800. సరకులో ఎక్కువ భాగం వెనక చక్రాల మీదనే పడుతుంది. అందువల్ల వెనక ఒక్కొక్క టైరు మీద 900 కిలోలు, ముందు ఒక్కొక్క దాని మీద 500 కిలోలు పడ్డాయనుకుందాం. మొత్తాన్ని నాలుగుతో భాగిస్తే 700 వస్తుంది కాబట్టి 800 కిలోల టైరు చాలు అనుకుంటే మోసపోతాం. వెనక టైరుకు కావలసింది 900 కిలోలు మోయగల శక్తి.

గాలి లెక్క

రెండు టైర్లూ చూడడానికి ఒకే పరిమాణంలో ఉండగా ఒకటి 800 కిలోలు, మరొకటి 950 కిలోలు మోయడం ఎలా సాధ్యం? రహస్యం గాలిలోనే ఉంది. మొదటి టైరులో చదరపు అంగుళానికి సుమారు 35 పౌన్ల పీడనం వరకు గాలి కొడతారు. మూడవ టైరు గోడ బలమైనది కనుక 60 పౌన్ల పీడనానికి కూడా తట్టుకుంటుంది. "అరవై కొట్టు" అని డ్రైవరు గాలి కొట్టే మనిషితో అనేది ఈ పౌన్ల లెక్కే. మన కొలతల్లో చెప్పుకుంటే 35 పౌన్లు అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 2.5 కిలోలు, 60 పౌన్లు అంటే 4.2 కిలోలు.

900 కిలోల బరువును 4.2తో భాగించండి. 214 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. టైరు నేలను తాకే చోటు ఇంచుమించు అంతే - మీ పొడుగు నోటుపుస్తకం పేజీలో మూడో వంతు! అదే 900 కిలోలను 2.5తో భాగిస్తే 360 చదరపు సెంటీమీటర్లు. అంత నేలను తాకాలంటే మొదటి టైరు మరింత నలగాలి, దాని గోడలు మరింత వంగాలి.

"వంగితే వంగనీ, రబ్బరే కదా!" అనకండి. ప్రమాదం అక్కడే పొంచి ఉంది.

వేడి అనే శత్రువు

ఒక రబ్బరు బంతిని మీటరు ఎత్తునుంచి వదలండి. అది మళ్ళీ మీటరు ఎత్తుకు లేవదు. నొక్కుకున్నప్పుడు రబ్బరు తీసుకున్న శక్తిలో కొంత భాగం తిరిగి ఇవ్వదు. ఆ భాగం ముఖ్యంగా వేడిగా మారిపోతుంది.

టైరు గోడ కూడా నేల దగ్గరకు వచ్చినప్పుడల్లా వంగి, పైకి వెళ్ళగానే తిన్నగా అవుతుంది. కిలోమీటరుకు 450 సార్లు తిరుగుతుందని లెక్క కట్టాం కదా! గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతే నిమిషానికి ఒక కిలోమీటరు. అంటే నిమిషానికి 450 సార్లు, క్షణానికి ఏడుసార్లకు పైగా ప్రతి భాగమూ వంగుతుంది. మదనపల్లె నుంచి చెన్నైకి దాదాపు 250 కిలోమీటర్లు. అక్కడికి చేరేలోపల లక్ష సార్లు దాటుతుంది. ప్రతిసారీ కాస్తంత వేడి పుడుతుంది. మోయవలసిన దానికన్నా ఎక్కువ బరువు వేసినా, గాలి తక్కువైనా ఆ వేడి గాలికి చల్లారే దానికన్నా ఎక్కువగా పుడుతుంది. రబ్బరు మెత్తబడుతుంది, పొరల మధ్య అతుకు ఊడుతుంది. చివరకు టైరు పేలుతుంది. మండు వేసవిలో, కాలే రోడ్డు మీద ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

వేడెక్కిన టైరులో పీడనం కూడా పెరుగుతుంది. 27 డిగ్రీల సెల్సియస్ దగ్గర 60 పౌన్లు కొట్టిన గాలి 67 డిగ్రీలకు చేరితే సుమారు 70 పౌన్లు చూపుతుంది. అది చూసి కొందరు గాలి తీసేస్తారు. చాలా తప్పు! చల్లబడిన తరువాత ఆ టైరులో గాలి చాలదు. పీడనాన్ని ప్రయాణానికి ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి.

దర్జా టైరు సంగతి

మరి రెండవ టైరు? 235/75 ఆర్ 15 వ్యాసం లెక్కకట్టండి. 733 మిల్లీమీటర్లు వస్తుంది. పాతదానికన్నా నూటికి 4 వంతులకు పైగా పెద్దది. స్పీడోమీటరుకు ఈ సంగతి తెలియదు. అది చక్రం ఎన్నిసార్లు తిరిగిందో దానిని బట్టే వేగం చెబుతుంది. అందువల్ల అది 60 చూపుతున్నప్పుడు బండి నిజానికి 62.6 కిలోమీటర్ల వేగంతో పోతుంది. చక్రం పెద్దదైతే అదే ఇంజనుతో నేల దగ్గర లాగే బలం తగ్గుతుంది. ఘాట్ ఎక్కేటప్పుడు బండి ముక్కుతుంది. బ్రేకుకు పని పెరుగుతుంది. గోతిలో పడినప్పుడు టైరు మడ్‌గార్డుకు రాసుకోవచ్చు కూడా. బండి తయారుచేసినవారు చెప్పిన కొలతను వదలకపోవడమే మంచిది.

నైలానా, రేడియలా?

దుకాణాల్లో 'నైలాన్ టైరు' అని ఇంకొక రకం వినిపిస్తుంది. దానిలో నైలాన్ దారాల పొరలు ఏటవాలుగా, ఒకదానిమీద ఒకటి అడ్డంగా ఉంటాయి. టైరు వంగినప్పుడు ఆ పొరలు ఒకదానితో ఒకటి పెనుగులాడి వేడి పుట్టిస్తాయి. రేడియల్ టైరులో దారాలు ఒక అంచు నుంచి రెండవ అంచుకు తిన్నగా పోతాయి. నేలను తాకే భాగం కింద ఉక్కు తీగల పట్టీలు ఉంటాయి. ఫ్రాన్సులోని మిషెలిన్ కంపెనీ 1946లో దీనికి పేటెంటు తీసుకున్నది. రేడియల్ టైరు తక్కువ వేడెక్కుతుంది, ఎక్కువ కాలం మన్నుతుంది, డీజిలు కూడా ఆదా చేస్తుంది. నైలాన్ టైరు గోడ మందం కాబట్టి రాళ్ళదారిలో కోతలకు బాగా తట్టుకుంటుంది. ఏదైనా సరే, ఒకే ఇరుసుకు ఒక పక్క నైలాన్, మరొక పక్క రేడియల్ వేయకూడదు. రెండూ రెండు రకాలుగా వంగుతాయి కనుక మలుపులో బండి అదుపు తప్పుతుంది.

పాత టైరు చెప్పే కబురు

కొత్త టైరు కొనే ముందు పాతదానిని ఒకసారి పరీక్షగా చూడాలి. అది నడుమ మాత్రమే అరిగితే గాలి ఎక్కువ కొట్టారన్నమాట. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, లేదా బరువు ఎక్కువ. ఒక అంచే అరిగితే చక్రం తిన్నగా నిలబడలేదు, అలైన్‌మెంట్ చేయించాలి. ఈ జబ్బు నయం చేయకుండా కొత్త టైరు వేస్తే అదీ అలాగే అరిగిపోతుంది.

టైరు మీది గాడులు ఎందుకు? పొడి రోడ్డు మీద గాడులు లేని నున్నని టైరు కూడా బాగానే పట్టుకుంటుంది. పందెపు కార్లకు వాన లేనప్పుడు అటువంటివే వేస్తారు. వాన పడినప్పుడే చిక్కు. టైరుకూ రోడ్డుకూ మధ్య నీరు చేరుతుంది. ఆ నీరు గాడుల గుండా బయటకు పోవాలి. గాడులు అరిగిపోతే నీరు పోయే దారి ఉండదు. టైరు నీటి పొర మీద తేలుతుంది. అప్పుడు బ్రేకు నొక్కినా, స్టీరింగు తిప్పినా బండి మాట వినదు. అందుకే గాడుల అడుగున 1.6 మిల్లీమీటర్ల ఎత్తున చిన్న దిమ్మెలు పెడతారు. టైరు అరిగి ఆ దిమ్మెలతో సమానమైతే దాని ఆయువు తీరినట్లే.

అరగని టైరు కూడా ముసలిదవుతుంది. ఎండ, గాలిలోని ఆక్సిజను, ఓజోను కలిసి రబ్బరును గట్టిపరిచి పగుళ్ళు తెప్పిస్తాయి. టైరు వయస్సు తెలుసుకోవడం కష్టం కాదు. పక్క గోడ మీద నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 2324 అని ఉంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. తక్కువ ధరకు వస్తున్నదని పాత సరకు కొనేముందు ఈ నాలుగంకెలు చదవాలి.

ఇప్పుడు చెప్పండి

మన రైతు ఏ టైరు కొనాలి? మూడవదే అని మీరు ఈపాటికి తేల్చేసి ఉంటారు. ఆయన రెండు వెనక టైర్లూ ఒకే రకంవి కొనాలి. అయితే ఆ టైరు 950 కిలోలు మోస్తుంది కదా అని పెట్టె మీద పెట్టె పేర్చకూడదు. టైరు మోయగలిగినంత మాత్రాన ఇరుసు, స్ప్రింగులు, బ్రేకులు మోయగలవని కాదు. బండికి అనుమతించిన బరువు దాటకూడదు.

1888లో బెల్ఫాస్టులో జాన్ బాయిడ్ డన్లప్ అనే పశువైద్యుడు తన కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపు లేకుండా నడవాలని చక్రాలకు గాలి గొట్టాలు చుట్టాడు. ఆనాడు పసివాణ్ణి మోసిన గాలే ఈనాడు టన్నులకొద్దీ సరకును మోస్తున్నది. ఆ గాలిని సరైన గోడలో, సరైన పీడనంలో బంధించి ఉంచితేనే అది మనకు సేవకుడు.

మీ వీధిలో ఆగి ఉన్న బండి దగ్గరకు వెళ్ళి, యజమానిని అడిగి, టైరు మీది రాతను కాగితం మీద రాసుకోండి. దాని వ్యాసం ఎంత? కిలోమీటరుకు ఎన్నిసార్లు తిరుగుతుంది? ఎన్ని కిలోలు మోయగలదు? ఏ వారంలో పుట్టింది? లెక్క కట్టి ఆ యజమానికే చెప్పండి. గాడుల లోతు చాలకపోయినా, గోడ మీద పగుళ్ళు కనిపించినా అదీ చెప్పండి.