పాత కార్డును ఎప్పుడు ముగించవలెను?

మన పల్లెలలో అప్పు మాట వచ్చినప్పుడు ఏడాదికి నూటికింత అని లెక్క చెప్పరు. నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ, మూడు రూపాయల వడ్డీ అని చెప్పుదురు. ఈ లెక్కను మనస్సున నుంచుకొని క్రెడిట్ కార్డును చూచినచో దాని స్వరూపము వెంటనే బోధపడును. కొన్న వస్తువుల బాకీని గడువులోగా పూర్తిగా కట్టినవారికి వడ్డీ లేదు. కట్టనివారికి పెక్కు కార్డులపై మూడు, మూడున్నర రూపాయల వడ్డీ పడును. నగదు తీసినచో తీసిన దినము నుండియే వడ్డీ.

కుందుర్పి నుండి బెంగుళూరునకు పనికి వెళ్లిన ఒక యువకుని ఊహించుకొందము. వేరుసెనగను నమ్ముకొన్న ఎఱ్ఱ నేల, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు అనంతపురము సీమ. పంట పోయిన ఏట ఇంటి నుండి ఒకరు పట్నము చేరుట ఇక్కడ కొత్త కాదు. ఆతడు పూర్వము ఎన్నడును అప్పు తీసికొనలేదు గనుక మామూలు కార్డు ఇచ్చుటకు బ్యాంకు వెనుకాడినది. అందుచేత 25,000 రూపాయలు ఫిక్సెడ్ డిపాజిట్టు చేసి, దానిని హామీగా ఉంచి, 20,000 పరిమితిగల కార్డు పొందెను. డిపాజిట్టుపై వడ్డీ వచ్చుచునే యుండును. కాని కార్డు ఉన్నంతకాలము ఆ సొమ్ము కదలదు. రెండేండ్లు క్రమము తప్పక కట్టిన పిమ్మట, హామీ అక్కరలేని కార్డు 40,000 పరిమితితో మంజూరైనది. పాతదానిని వెంటనే ముగించి డిపాజిట్టు తీసికొనవలెనా?

దీనికి జవాబు చెప్పుటకు ముందు చిట్టా సంగతి తెలిసికొనవలెను. మన అప్పుల నడత నంతను వ్రాసియుంచు సంస్థలు దేశమున నాలుగున్నవి. వానిలో సిబిల్ 2000లో ఏర్పడినది. వీనిని గూర్చి 2005లో పార్లమెంటు చట్టము చేసినది. 300 మొదలు 900 వరకు అంకె వేయుదురు. 1998లో వచ్చిన కిసాన్ క్రెడిట్ కార్డు పంట ఋణమునకు సంబంధించినది. ఈ కార్డుకును దానికిని పేరులో తప్ప పోలిక తక్కువ. అయినను రేపు తండ్రి పొలము తన పేరిటికి వచ్చి ఆ యువకుడు పంట ఋణమో ట్రాక్టరు ఋణమో కోరినచో, బ్యాంకువారు తెరచి చూచునది ఈ చిట్టానే. పట్నములో కట్టక విడిచిన కార్డు బాకీ పల్లెలో ఎదురుపడును.

రెండు కార్డుల పరిమితి కలిపి 60,000. నెలకు 18,000 వాడినచో నూటికి ముప్పది పాళ్లు. పాతదానిని ముగించిన నాడు అదే 18,000 నలుబదివేలలో నూటికి నలుబదియైదు పాళ్లగును. పరిమితిలో ఎక్కువ భాగము వాడువారిని చిట్టా శంకతో చూచును. పైగా పాత ఖాతాకు వయస్సున్నది, కొత్తదానికి లేదు. కనుక తొందర కూడదు.

అట్లని అంకెలకు వెఱచి డిపాజిట్టును ఏండ్ల తరబడి బంధించియుంచుట కూడ మాకు సమ్మతము కాదు. జూన్‌లో విత్తనము కావలసివచ్చి ఇంటివారు 25,000 రెండు రూపాయల వడ్డీకి తెచ్చిరనుకొందము. నెలకు 500 వడ్డీ. బ్యాంకులోని సొంత సొమ్ముకు ఏడాదికి నూటికి ఆరు చొప్పున వచ్చునది నెలకు 125. ఇట్టి లెక్క చిట్టాకు లాభము, ఇంటికి నష్టము. కొత్త కార్డును నాలుగైదు నెలలు వాడి, పూర్తిగా కట్టుచు, అది నిలకడగా నున్నదని తేలిన పిమ్మట విత్తనాల వేళకు ముందుగా పాతది ముగించుట మంచిదని మా అభిప్రాయము. ఏటేట రుసుము పడు కార్డైనచో అంతకాలమును ఆగనక్కరలేదు. హామీ విడిచిపెట్టి అదే కార్డును సాగనిత్తురేమో బ్యాంకును ఒకమాఱు అడిగి చూడవచ్చును.

ఒక కార్డు వచ్చినంతనే మఱి నాలుగు వచ్చునని ఫోనులో కబురులు మొదలగును. ‘మీకు మంజూరైనది’ అన్న కబురు పెక్కుసార్లు దరఖాస్తు పెట్టుమన్న ఆహ్వానమే. పెట్టిన ప్రతి దరఖాస్తు చిట్టాలో విచారణగా నమోదగును. ఓటీపీ చెప్పుమన్నవాడు బ్యాంకువాడు కాడు. అక్కరలేని కార్డు ఇంటికి వచ్చినచో దానిని వాడుకలోనికి తేవలదు. ముప్పది దినములు గడచిన పిమ్మట బ్యాంకు మీ సమ్మతి నడుగవలెను. మీరు ఒప్పుకొననిచో ఖర్చు లేకుండ రద్దు చేయవలెను. ఇది రిజర్వు బ్యాంకు 2022లో పెట్టిన నియమము.

ఇక ముగించు విధము. పాత కార్డునుండి తమంతట కట్టుకుపోవు కరెంటు, ఫోను బిల్లులను ముందు కొత్తదానికి మార్చవలెను. చివరి బిల్లు కట్టినను, నడుమ దినముల వడ్డీ పదియో ఇరువదియో రూపాయలు మిగిలియుండవచ్చును. అదియు తీర్చి వ్రాతమూలకముగా కోరవలెను. బాకీ లేనిచో బ్యాంకు ఏడు పనిదినములలో ముగించవలెను. ఆలస్యమైనచో దినమునకు 500 రూపాయలు మీకు చెల్లించవలెను. బాకీ లేదన్న పత్రమును, డిపాజిట్టుపై హామీ తొలగినదన్న మాటను కాగితముపై తీసికొనుడు.

రెండు నెలల పిమ్మట చిట్టాను తెప్పించి చూడుడు. ఒక్కొక్క సంస్థ ఏడాదికొకసారి ఉచితముగా ఇచ్చును. అందు ఖాతా ‘క్లోజ్డ్’ అని యుండవలెను. ‘సెటిల్డ్’ అని యున్నచో బాకీలో కొంత తగ్గించుకొని రాజీపడినట్లు అర్థము; పూర్తిగా కట్టినవారికి అది తగదు. వెంటనే ఫిర్యాదు వ్రాయుడు. ముప్పది దినములలో పరిష్కరింపనిచో, ఆపై దినమునకు 100 రూపాయల చొప్పున పరిహారము మీకు రావలసియుండును.