దానం ఇచ్చిన తరువాత



మొయినాబాదు మండలంలో, ఉస్మాన్‌సాగర్ జలాశయపు ఒడ్డున వెలసిన చిలుకూరు బాలాజీని మీలో చాలామంది సేవించే ఉంటారు. ఆ సన్నిధిలో హుండీ లేదు. ప్రత్యేక దర్శనానికి టికెట్టు లేదు. ధనవంతుడికీ పేదవాడికీ ఒకే వరుస. కోరిక ఉన్నవారు 11 ప్రదక్షిణలు చేసి స్వామికి విన్నవించుకొంటారు. అది నెరవేరిన పిమ్మట మరల వచ్చి 108 ప్రదక్షిణలు చేస్తారు. లెక్క తప్పకుండా అంకెలు అచ్చువేసిన చిన్న కాగితాన్ని చేత పట్టుకొని, ఒక్కొక్క ప్రదక్షిణకు ఒక్కొక్క గుర్తు పెట్టుకొంటూ తిరిగే యువతీయువకులను అక్కడ ఏ వారాంతంలోనైనా చూడవచ్చు. విదేశాలకు చదువుకై వెళ్లగోరేవారు ఎక్కువగా రావడంచేత 'వీసా బాలాజీ' అనే వాడుక పేరు కూడా ఆ స్వామికి ఏర్పడింది.

ధనం అడగని ఆ గుడికి జనం కొరత లేదు. మొక్కు చెల్లించడానికి మరల వచ్చేవారే అక్కడి శోభ. అన్ని దేవాలయాలూ ఆ పద్ధతిని అనుసరించలేవు. నిత్యాన్నదానం, గోశాల, వేదపాఠశాల నడిపే సంస్థలకు దాతల సాయం లేకుండా పూట గడవదు. అయినా అక్కడ ప్రదక్షిణ చేసినప్పుడల్లా నాకు ఒక ప్రశ్న కలుగుతూ ఉంటుంది. దాత ధనమిచ్చి రసీదు పుచ్చుకొన్న తరువాత, అతనికీ దేవాలయానికీ నడుమ మిగిలేది ఏమిటి? ఆ ప్రశ్నకు నాకు దొరికినంతమేర సమాధానాన్ని ఈ వ్యాసంలో మనవి చేసుకొంటాను.

శాస్త్రదృష్టి

ధర్మశాస్త్రకారులు దానాన్ని ఎంతో నిష్కర్షగా నిర్వచించారు. వస్తువుపై తనకు గల స్వత్వాన్ని విడిచిపెట్టి, ఎదుటివారికి స్వత్వాన్ని కలిగించడమే దానం. దాత జలం విడుస్తూ 'న మమ' అంటాడు. ఇక ఇది నాది కాదు అని దాని అర్థం. భగవద్గీత పదిహేడవ అధ్యాయం కూడా, తిరిగి ఏదీ ఆశించక, తగిన దేశకాలాలలో, తగిన పాత్రునికి ఇచ్చినదే సాత్త్విక దానమని బోధిస్తున్నది. ఈ లెక్కన చూస్తే, నీళ్లు విడిచిన క్షణంలోనే దాతకు ఆ ద్రవ్యంతో సంబంధం తెగిపోయినట్లే కదా అని అనిపిస్తుంది.

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించాలి. ప్రతిఫలం ఆశించకపోవడం దాత ధర్మం. దానిని ఆసరాగా చేసుకొని దాతను మరచిపోవడం స్వీకర్త ధర్మం కాదు. ద్రవ్యసంబంధం తెగినా మనుష్యసంబంధం తెగదు. తైత్తిరీయోపనిషత్తులో, చదువు ముగించి ఇంటికి వెళ్లే శిష్యునికి ఎలా దానం చేయాలో ఆచార్యుడు చెబుతాడు. శ్రద్ధతో ఇవ్వమంటాడు, సిగ్గుతో ఇవ్వమంటాడు, భయంతో ఇవ్వమంటాడు, చివరకు 'సంవిత్తు'తో ఇవ్వమంటాడు. శంకరభగవత్పాదులు ఈ సంవిత్తును మైత్రి మొదలైన భావంగా వ్యాఖ్యానించారు. విద్యార్థిగా ఈ భాష్యం చదివినప్పుడు నేను దీనిని పరీక్షకు పనికివచ్చే అర్థంగా మాత్రమే గుర్తుపెట్టుకొన్నాను. దానంలో మైత్రికి ఏమి పనో తెలియడానికి నాకు మరి నలభై ఏళ్లు పట్టింది.

శాసనాలు నేర్పే పాఠం

ద్రాక్షారామ భీమేశ్వరాలయంలో గోడలమీద, స్తంభాలమీద వందలాది శాసనాలు ఉన్నాయి. వాటిలో ఎన్నో అఖండదీపానికి చేసిన దానాలు. నాటి దాత కేవలం నేతికుండ తెచ్చి గుడిలో దింపి వెళ్లలేదు. గొర్రెలనో ఆవులనో కొంత మందగా ఇచ్చి, వాటిని ఒక కాపరికి అప్పగించేవాడు. ఆ కాపరి, అతని తరువాత అతని సంతతి, దినదినమూ మానెడు నెయ్యి దీపానికి పోయవలెను. మంద మూలధనం, నెయ్యి దాని వడ్డీ. దాత పేరు, ఇచ్చిన జీవాల సంఖ్య, వాటిని పుచ్చుకొన్న కాపరి పేరు, పోయవలసిన నేతి కొలత, అన్నీ రాతిమీద అందరికీ కనబడేటట్లు చెక్కించేవారు. దీపం ఎందుకు వెలగలేదని ఎవరైనా అడగవచ్చు. ఎవరిని అడగాలో కూడా ఆ రాతిమీదే ఉంది.

తిరుమలలో 1985 ఏప్రిల్ 6వ తేదీన రోజుకు 2,000 మందికి భోజనంతో ఆరంభమైన నిత్యాన్నదాన పథకం కూడా ఈ సూత్రం మీదనే పెరిగింది. దాతలిచ్చిన మూలధనాన్ని బ్యాంకులలో ఉంచి, వచ్చే వడ్డీతో భక్తులకు అన్నం పెడుతున్నారు. నాటి మంద నేడు డిపాజిట్టు అయింది.

దానశాసనాల చివర తరచుగా కనిపించే శ్లోకాల భావం ఒకటే. దానం చేయడంకంటె, చేసిన దానాన్ని పరిపాలించడం గొప్పది. ఇతరులు చేసిన దానాన్ని కాపాడినవానికి, తాను స్వయంగా ఇచ్చినదానికి మించిన పుణ్యం. అపహరించినవానికి ఘోరమైన శాపాలు. దీనినే పెద్దలు 'అనుపాలనం' అన్నారు. దానం ఒక్క క్షణంలో జరుగుతుంది. అనుపాలనం తరాల పని.

అది లోపిస్తే ఏమవుతుందో మన తెలంగాణమే చూసింది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే ఎదుట పేద కుటుంబాలవారు తమకు 80 ఎకరాలు చాలునని చెప్పుకొంటే, వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరాలు ఇచ్చారు. అవసరం ఇంత అని స్పష్టంగా తెలిసినప్పుడు దాత హృదయం ఎంత విశాలమవుతుందో చెప్పడానికి ఇంతకన్న ఉదాహరణ వద్దు. కాని తరువాత దేశమంతటా భూదానంలో వచ్చిన భూములలో గణనీయమైన భాగం పేదల చేతికి అందకుండానే మిగిలిపోయింది. ఇచ్చినవారి త్యాగానికి లోటు లేదు. లోటు అనుపాలనంలో వచ్చింది.

మరొక దృష్టాంతం మన ఇంటిముందే ఉంది. హైదరాబాదు నుంచి మొయినాబాదు మీదుగా చేవెళ్లకు వెళ్లే బాటకు ఇరువైపులా వందలాది మర్రిచెట్లు నీడనిస్తున్నాయి. రహదారి విస్తరణలో అవి పోతాయన్నప్పుడు, వాటిని నాటనివారు, వాటిపై ఏ హక్కూ లేనివారు, హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లి వాటికోసం వాదించారు. నీడనిచ్చే చెట్టు నాటడం పూర్తధర్మమైతే, పరులు నాటిన చెట్టును నిలబెట్టడం అనుపాలనం.

నేను చేసిన పొరపాటు

ఇక నా సంగతి. సంస్కృత పాఠశాల నుంచి విశ్రాంతి పొందిన తరువాత కొన్నేళ్లు ఒక దేవాలయంలో అన్నదానపు సంకల్పం చెప్పే సేవ నాకు దొరికింది. ఏ దినం ఎవరి పేరిట అన్నదానమో కాగితం మీద రాసి ఇచ్చేవారు. నేను వారి గోత్రనామాలు చదివి సంకల్పం చేసేవాణ్ణి.

చేవెళ్ల వైపు పల్లెనుంచి ఒక రైతు ఇల్లాలు ఏటా పుష్య బహుళ తదియనాడు, భర్త తిథికి, బస్తా బియ్యమూ తమ చేలో పండిన టమాటాలూ తెచ్చి ఇచ్చేది. పంక్తి చివర కూర్చుని, భర్త పేరు వినబడేదాకా విస్తరి ముట్టేది కాదు. ఒక సంవత్సరం పాత ఖాతాపుస్తకాలను కంప్యూటరులోకి ఎక్కించారు. తిథి ఉండవలసిన చోట ఆ ఏటి ఇంగ్లీషు తేదీ వేశారు. మన చాంద్రమాన సంవత్సరం 354 దినాలది. అందువల్ల తిథి మరుసటి ఏట సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది, అధికమాసం వచ్చిన ఏట మళ్లీ వెనక్కు పోతుంది. కంప్యూటరుకు ఆ సంగతి తెలియదు. పంచాంగం చదువుకొన్న నాకు తెలుసు. తెలిసీ నేను కాగితంలో ఉన్నది ఉన్నట్లు చదివాను.

మరుసటి ఏడు తదియనాడు ఆమె వచ్చింది. సంకల్పంలో వేరెవరి పేరో వినబడింది. భోజనాలు ముగిసినాక నా దగ్గరకు వచ్చి నిలబడింది.

"అయ్యగారూ, ఇయ్యాల మా ఇంటాయన పేరు సదవలేదు."

నేను తడబడి, రసీదు చూపమన్నాను.

"రసీదు నా దగ్గరనే ఉన్నది. పేరు మీ దగ్గర ఉండాలె గదా" అన్నది. ఆమె గొంతులో కోపం లేదు. అందువల్లనే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

పదకొండు రోజుల తరువాత కాగితంలో ఆ పేరు వచ్చింది. చదివాను. వినవలసిన మనిషి అక్కడ లేదు.

మరుసటి ఏడు ఆమె రాలేదు. 'దాత మానుకొన్నారు' అని ఖాతాలో రాయబోతుంటే నేను ఆపి, ప్రసాదం తీసుకొని ఆ ఊరికి వెళ్లాను. ఆమె అలిగి మానలేదు. మోకాళ్లు పట్టుకుపోయి బస్సెక్కలేకపోతున్నది. వచ్చే ఏటి తదియ ఏ వారం పడుతుందో పంచాంగం చూసి చెప్పి, ఆనాడు తప్పక పేరు చదువుతానని మాట ఇచ్చి వచ్చాను. బియ్యం సంగతి నేను ఎత్తలేదు. తిథికి రెండు రోజుల ముందు బస్తా తనంతట వచ్చింది. ఆమె గతించిన తరువాత ఇప్పుడు కుమారుడు పంపుతున్నాడు. సంకల్పంలో రెండు పేర్లు చదువుతున్నారు.

చిలుకూరు స్థలపురాణం నాకు అప్పుడు గుర్తుకువచ్చింది. ఏటా తిరుమల యాత్ర చేసే భక్తుడొకడు జబ్బుపడి వెళ్లలేకపోయాడట. రాలేదేమని స్వామి అతణ్ణి విడిచిపెట్టలేదు. తానే కలలో కనిపించి, నీ దగ్గరనే ఉన్నానని చిలుకూరులో వెలిశాడు. రాలేని భక్తుని దగ్గరకు దేవుడే కదలివచ్చినప్పుడు, రాలేని దాత దగ్గరకు దేవుని సేవకులమైన మనం వెళ్లడంలో చిన్నతనం ఏముంది?

పాటించదగిన నియమాలు

ధర్మకర్తలకు నా విన్నపాలు కొన్ని. తిథి దాతల పేర్లను మాస, పక్ష, తిథులతోనే రాయించండి. ఏటా ఉగాదికి కొత్త పంచాంగం రాగానే వాటికి తేదీలు కట్టించి, దాతకు నెలముందు తెలియజేయండి. ఆ ఉత్తరంలో మరల విరాళం అడగవద్దు. ఒక పనికై ఇచ్చిన ధనాన్ని మరొక పనికి వాడవలసివస్తే దాత అనుమతి తీసుకోండి. గోశాలకు ఇచ్చినది గోపురపు రంగుకు పోరాదు. పని ఆగిపోతే ఆగిపోయిందని చెప్పండి. నిజం చెప్పినందుకు దూరమైన దాతకంటె, దాచినందుకు దూరమైన దాతలే ఎక్కువ.

మా ప్రాంతంలో భూముల విలువ పెరిగినకొద్దీ పెద్ద మొత్తాలిచ్చే దాతలు కూడా పెరిగారు. సంతోషమే. కాని వారి కారు ఆగగానే అందరమూ అటు పరుగెత్తి, తలమీద బుట్టతో నడిచివచ్చే దాతను నిలబెట్టడం దోషం. ఒంటిమిట్ట కోదండరామాలయ జీర్ణోద్ధరణకు వావిలికొలను సుబ్బారావుగారు ఊరూరా తిరిగి టెంకాయచిప్పలో భిక్ష స్వీకరించారు. ఆ చిప్పలో కానీ, రూపాయీ పక్కపక్కనే పడ్డాయి.

దాతలకు కూడా ఒక మాట. ఇచ్చినదానికి లెక్క అడగడం సాత్త్వికతకు భంగమని సంకోచించకండి. ప్రతిఫలం కోరడం వేరు, పని జరిగిందా అని విచారించడం వేరు. రెండవది అనుపాలనంలో భాగమే. ఏడాదికి ఒక్కసారైనా మీ పేరిట జరిగే అన్నదానానికి వచ్చి పంక్తిలో కూర్చోండి, వీలైతే ఒక వరుసకు వడ్డించండి. రాలేని స్థితిలో ఉంటే కార్యాలయానికి ఒక కబురు పంపండి.

పేరు తప్పు చదివినా, అసలు చదవకపోయినా, ఆ ఇల్లాలివలె దగ్గరకు వచ్చి అడగండి. అడిగే దాత ఉన్నంతకాలం సరిదిద్దుకొనే అవకాశం మాకు ఉంటుంది.

స్వస్తి.